ప్యాకేజీ మీద పేరు

పోర్టు గేట్ల దగ్గర లారీలకు స్లిప్పులిచ్చే కంప్యూటర్లు ఉంటాయి. వాటిలో దేన్ని తెరిచి, ఈ సాఫ్ట్‌వేర్ సంగతేమిటని ఒక చిన్న ఆదేశం టైపు చేసినా, నాలుగైదు వరుసల్లో జవాబొస్తుంది. పేరు, వెర్షను, సైజు. ఆ కింద ‘మెయింటెయినర్’ అని ఉండి, దాని ఎదురుగా నా పేరు. అంటే దాని మంచిచెడ్డలు చూసేవాణ్నన్నమాట. ఈ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడిగింది లేదు. లారీ డ్రైవరుకి అవసరం లేదు, గేటు గుమాస్తాకి తీరిక లేదు. అడిగేవాణ్ని నేనొక్కణ్నే. సర్వీసింగుకి వెళ్లినప్పుడల్లా చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని అడిగేవాణ్ని. మనిషన్నాక అద్దంలో చూసుకోడా? నా అద్దం పక్కనుంచి బొగ్గు లారీలు వెళ్తుంటాయి, అంతే తేడా.

మా ఆఫీసు దువ్వాడ స్టేషను దాటాక కొత్తగా లేచిన బిల్డింగుల్లో ఒకదానిలో, రెండో అంతస్తు. కింద టిఫిన్ హోటలు, పైన హాస్టలు. కింది నుంచి సాంబారు వాసన, పై నుంచి బకెట్ల చప్పుడు వస్తుంటే మధ్యలో కూర్చుని మేం పోర్టు గేట్లకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. లారీ వస్తుంది, కాటా ఎక్కుతుంది. దాని బరువు, వెళ్లాల్సిన యార్డు, ఆగాల్సిన చోటు తెలుగులో అచ్చయి చిన్న కాగితమ్ముక్క బయటికొస్తుంది. ఇంతే. దీనికి మా సార్ క్లయింట్లకు చెప్పే పేరొకటి ఉంది గానీ అది నాకు నోరు తిరగదు.

మా నాన్న స్టీల్ ప్లాంటు ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాడు. నా పనేమిటో ఆయనకి చెప్పడానికి చాలా తిప్పలు పడ్డాను. కోడ్ వేరేవాళ్లు రాస్తారు, ఆ రాతని గేటు కంప్యూటరు ఉన్నదున్నట్టు తినలేదు, నేను దాన్ని ఉడికించి, కావలసినవన్నీ జతచేసి, డబ్బాలో పెట్టి మూత బిగిస్తాను, దాన్నే ప్యాకేజీ అంటారు అని వివరించాను.

“అంటే ప్యాకింగ్ సెక్షనా?” అన్నాడు.

“అలాంటిదే.”

“మరి ఇంజనీరింగు ఎందుకు చదివించానంటావ్?”

చెప్పులేసుకుని ఆఫీసుకి బయల్దేరాను. కానీ ఒక్క సంగతి ఆయనకి చెప్పలేదు. ఆ డబ్బా కట్టడం నా ల్యాప్‌టాప్‌లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా అయ్యేది కాదు. ఎందుకవదో నాకూ పూర్తిగా తెలీదు. మూడేళ్లుగా ఏదో ఆగిపోయినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చి అందులో పడేశాను. అది మళ్లీ నడిచింది. ఏది దేనికోసం వేశానో దేవుడికెరుక. పెద్దమ్మ కూతురి పెళ్లిలో పంక్తిలో కూర్చుని పులిహోర కలుపుకుంటుండగా సార్ ఫోన్ చేశారు, బిల్డ్ కావాలని, అంటే డబ్బా కట్టమని. ఎంగిలి చేత్తో లేచాను. “ఒక్క పూట కూడా వదలరండీ” అని అందరికీ వినపడేలా విసుక్కున్నాను. ఆ పెళ్లిలో పెళ్లికొడుకు కన్నా నా మొహమే ఎక్కువ వెలిగిందని ఫోటోలు చూశాక తెలిసింది.

మా సార్‌ది కృష్ణా జిల్లా, కానీ ఈ ఊరొచ్చాక అప్పన్న భక్తుడైపోయారు. కొత్త వెర్షను ఎప్పుడు గేటుకి వెళ్లినా శనివారమే వెళ్లాలి. పొద్దున్నే సింహాచలం కొండెక్కి దర్శనం చేసుకుని, అక్కణ్నుంచి చందనం తెచ్చి, బిల్డ్ అయ్యే మిషను మీద బొట్టు పెట్టి, అప్పుడు “కానివ్వవయ్యా” అనేవారు. ఆ బొట్టు ఎప్పుడూ నా ల్యాప్‌టాప్‌కే. మూత మీద చందనం పొరలు పొరలుగా పేరుకుని చిన్న బొడిపెలా తయారైంది. నేను తుడిచేవాణ్ని కాదు. భక్తి అనుకునేవారు.

ఆమె వానాకాలంలో చేరింది. వన్‌టౌన్ అమ్మాయి. పూర్ణా మార్కెట్ దగ్గర వాళ్ల నాన్నకి కాటాలు బాగుచేసే కొట్టుంది. మొదటిరోజే నన్ను ‘భయ్యా’ అని పిలిచి, మా అమ్మకి రాగల దిగులునీ నాకు రాగల ఆలోచననీ ఒకే మాటతో తేల్చేసింది. మధ్యాహ్నానికల్లా నా సీటు దగ్గరికొచ్చింది.

“భయ్యా, ఇది నా మిషన్లో బిల్డ్ అవ్వట్లేదు.”

“అవ్వదు.”

“ఎందుకు?”

“నాదాంట్లోనే అవుతాది.”

“అదే, ఎందుకని?”

ఆ ఆఫీసులో రెండో ‘ఎందుకు’ అడిగినవాళ్లు అంతకుముందు లేరు. మొదటిదానికే అందరికీ టీ టైమైపోయేది.

“అలగ సెట్టయిపోయింది” అన్నాను.

“ఏటి సెట్టయిందో ఎక్కడైనా రాసుందా?”

“నా బుర్రలో ఉంది.”

“అచ్ఛా” అని వెళ్లిపోయింది.

చాలామంది చాలా రకాలుగా ‘అచ్ఛా’ అనగా విన్నాను. సినిమా బాలేదని చెప్పినప్పుడు అనేది ఒకటి, చిల్లర లేదన్నప్పుడు అనేది ఒకటి. ఈమెది, పేషెంటు తను ఏమేం తింటాడో చెప్తుంటే డాక్టరు అనేది.

తర్వాతి వారం ఆమె సార్ గదిలోకి వెళ్లింది. కాసేపటికి నన్నూ పిలిచారు. బల్ల మీద ఆమె ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. ఏదో బిల్డ్ టూల్ గురించి చెప్తోంది. దానికి ఒక ఫైల్లో సోర్స్ కోడ్ ఎక్కడుందో, ఏమేం కావాలో, ఏ వరుసలో చెయ్యాలో రాసివ్వాలి. టూల్ ప్రతిసారీ కంప్యూటరు లోపలే కొత్తగా ఒక ఖాళీ గది కట్టుకుంటుంది. అందులోకి మనం రాసినవి మాత్రమే తెచ్చుకుంటుంది. ప్యాకేజీ తయారుచేసి బయట పెట్టి, గదిని పడగొట్టేస్తుంది.

ఫంక్షన్ హాల్లో వంటమేస్త్రి సంగతి అనుకోండి. అక్కడి వంటగది ఖాళీ. చీటీలో ఇంగువ రాయకపోతే చారులో ఇంగువ ఉండదు, అంతే. మా ఇంటి వంటగదిలో అలా కుదరదు. ఏది మర్చిపోయినా అల్మరాలో ఏదో ఒక సీసాలో కాస్త ఉంటుంది, అమ్మ చెయ్యి దానంతటదే అటు వెళ్తుంది. నా ల్యాప్‌టాప్ మా ఇంటి వంటగది. ఆమె సార్‌కి ఫంక్షన్ హాలు చూపిస్తోంది.

“అంటే ఎవరైనా, ఏ మిషన్లోనైనా చెయ్యొచ్చంటావా అమ్మా?” అన్నారు సార్.

“చెయ్యొచ్చు సార్.”

సార్ నావైపు తిరిగారు. “ఏవయ్యా, ఇన్నాళ్లూ ఇది చెయ్యలేదేం?”

“అవసరం పడలేదండి” అన్నాను.

“పడలేదు పాపం” అన్నారు సార్. ఆ ‘పాపం’ ఎవరికి తగిలించారో తెలీదు.

ఆమె ఫైల్లో ఒక వరుస చూపించింది. “సార్, ఇక్కడ మెయింటెయినర్ పేరు రాయాలి. ఎవరిది రాయమంటారు?”

సార్ అప్పటికే కారు తాళాలు తీసుకుని లేచారు. “ఎవరిది ముందు పనిచేస్తే వాళ్ల పేరు రాసుకోండి” అని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

అది జోకని నాకు తెలుసు. ఆఫీసులో జోకులు వేసేవాణ్ని నేను. సరుకు చూస్తే తెలీదా? అయినా దాన్ని నిజమనుకుని ఇంటికి మోసుకుపోయాను.

నా పక్క సీటు గాజువాక కుర్రాడిది. టెస్టింగ్ చేస్తాడు. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, అందుకే బావ అని పిలుచుకుంటాం. సాయంత్రానికల్లా వాడికి అన్నీ తెలిసిపోయాయి.

“బావా, నీ కాళ్లకిందకి నీల్లొచ్చేసినాయి.”

“ఏసీ కారతంది బావా. బకెట్టెట్టు.”

“నవ్వు, నవ్వు. ఆ కొత్త గుంట పేరు గేటెక్కినాక నవ్వుదువు గాని.”

“ఎక్కితే ఎక్కనీ. పేరులో ఏటుంది?”

“ఏటీ నేదా? మరి మొన్న గేటుకాడ ఎవలూ నేరని సూసి నీ పేరు నువ్వే తీసి సూసుకున్నావేటి? నాను వెనకాలే ఉన్నాను.”

ఆ రోజు టీ డబ్బులు నేనే ఇచ్చాను.

అసూయ అంటే గుండె మండుతుంది, నిద్ర పట్టదు అంటారు. నాకు నిద్ర బ్రహ్మాండంగా పట్టేది. మెలకువగా ఉన్నప్పుడే ఇబ్బంది. ఆమె కీబోర్డు చప్పుడు వినపడితే నా వేళ్లు ఆగిపోయేవి. ఆమె ఆగితే, ఎక్కడో చిక్కుకుందని కాస్త ఊపిరి ఆడేది. తీరా చూస్తే నీళ్లు తాగుతోంది. నాకు చక్కెర లేని టీ కావాలని సార్‌కి ఇన్నేళ్లలో గుర్తులేదు. ఆమె అల్లం టీ తాగుతుందని వారంలో నేర్చుకున్నారు. ఆమె ఎవరినీ చిన్నచూపు చూసేది కాదు, ఆలస్యంగా వచ్చేది కాదు, తెలియనిది తెలియదని చెప్పేది. మనిషిని తిట్టుకోవడానికి ఎక్కడో ఒక పట్టు దొరకాలి కదా. చేపల మార్కెట్లో నున్నటి చేపని పట్టుకున్నట్టుండేది.

ఇంట్లో అన్నం తింటూ ఓ పావుగంట ఆమె గురించే మాట్లాడి ఉంటాను. అమ్మ మజ్జిగ పోస్తూ, “ఇంతకీ ఆ పిల్ల చేసిన తప్పేంట్రా?” అంది.

“ఏ తప్పూ చెయ్యట్లేదమ్మా. అదే బాధ.”

“అయితే మజ్జిగ తాగు” అంది.

నేనూ ఆ టూల్‌ని దించుకుని, దానికిచ్చే ఫైలు సొంతంగా రాయాలని కూర్చున్నాను. ఎవరికీ చెప్పకుండా, అంటే బావకి మాత్రమే చెప్పి. రెండూ ఒకటి కాదని తర్వాత తెలిసింది. రాయడం మొదలుపెట్టగానే మొదటి చిక్కు ఎదురైంది. ‘ఏమేం కావాలి’ అని ఫైలు అడుగుతోంది. నాకేం తెలుసు? ఒకటి రాస్తాను, నడుపుతాను, ఫలానాది లేదని ఆగుతుంది. అది రాస్తాను, ఇంకోటి లేదంటుంది. ఆ ఇంకోదానికి ఇంకోటి కావాలి. చివరికి విసుగొచ్చి, నా ల్యాప్‌టాప్‌లో ఉన్నవన్నీ వరసపెట్టి ఫైల్లోకి ఎక్కించేశాను. ఇల్లు మారేటప్పుడు ఏది పారెయ్యాలో తెలియక చీపురుతో సహా లారీ ఎక్కించినట్టు. టూల్ ఖాళీ గది కట్టుకుని, నా సామాను దింపుకోవడం మొదలుపెట్టింది. దింపింది, దింపింది. అందులో ఒక క్యారమ్స్ ఆట కూడా వెళ్లింది. లారీల బరువు తూచడానికి క్యారమ్స్ ఎందుకు కావాలో ఆ టూల్ అడగలేదు. మర్యాదస్తురాలు. కానీ సగం దింపాక డిస్కు నిండిపోయి పడిపోయింది.

బావ నా భుజం మీంచి చూశాడు. “ఏటి బావా ఇది, ఊరు ఖాళీ సేసి ఎళ్లిపోతన్నావేటి?”

ఇలా మూడు వారాలు గడిచాయి, ఆ శనివారానికి ఆమెది ముందు తయారైంది.

సార్ కొండ నుంచి తిన్నగా ఆఫీసుకొచ్చారు, చేతిలో చందనం పొట్లం. అలవాటుగా నా ల్యాప్‌టాప్ వైపు రెండడుగులు వేసి, గుర్తొచ్చి, ఆమె బల్ల వైపు తిరిగారు. ఆ మలుపు తిరగడంలో ఉన్న సులువు నాకింకా గుర్తుంది. అక్కడికెళ్లాక ఆయనకో సందేహం వచ్చింది.

“అమ్మా, మేం మిషనుకి బొట్టు పెడతాం. నీకేం ఇబ్బంది లేదు కదా?”

“మిషనుకే కదా సార్, పెట్టండి” అందామె. “కీబోర్డులో పడకుండా సూడండి, అంతే.”

సార్ పెట్టారు. గుండ్రంగా, చక్కగా. నాకెప్పుడూ అంత గుండ్రంగా పెట్టలేదు.

టూల్ నడిచింది. గది కట్టుకుంది, సోర్స్ తెచ్చుకుంది, కావలసినవి తెచ్చుకుంది, ఎక్కడా ఆగలేదు. ప్యాకేజీ బయటికొచ్చింది. దాన్ని ఆఫీసులోనే ఉన్న టెస్టు మిషన్లో ఎక్కించారు. అందరూ స్లిప్పు ప్రింటరు చుట్టూ చేరారు. నేను కొంచెం దూరంగా, పనున్నవాడిలా నిలబడ్డాను. ప్రింటరు గురగురమని కాగితం బయటికి తోసింది. సార్ చింపి చూశారు. కళ్లజోడు తీసి మళ్లీ చూశారు.

అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ ‘బరువు’ అని ఉండాల్సినచోట మూడు ఖాళీ డబ్బాలు. ‘యార్డు’ చోట డబ్బాలు. ‘ఇక్కడ ఆగండి’ చోట డబ్బాలతో ఒక గూడ్సు బండి. ఒక్క తెలుగు అక్షరం లేదు.

ఆ క్షణాన నాలో కలిగిన ఆనందాన్ని దాచడానికి నేను చేసిన ప్రయత్నం వల్ల దగ్గొచ్చింది. బావ నీళ్లిచ్చాడు. అప్పన్న నా పక్షం అనుకున్నాను. మూడేళ్లు మిషను మీద మోసిన చందనం ఊరికే పోతుందా?

“ఇదెందుకిలా వచ్చిందంటావయ్యా?” అని సార్ నన్నడిగారు.

“చూడాలండి” అన్నాను, అంతా తెలిసి ఆగినవాడిలా. తెలిస్తే కదా. నా ల్యాప్‌టాప్‌లో ఎందుకు సరిగ్గా వస్తుందో నాకు ఎన్నడూ తెలీదు. డబ్బాలు రానంతవరకూ ఎవరైనా డబ్బాల గురించి ఎందుకు ఆలోచిస్తారు?

ఆ రోజు గేటుకి ఏమీ వెళ్లలేదు. సోమవారం కూడా ఆమె ఆ డబ్బాలతోనే కుస్తీ పడుతోంది. తెలుగు మాటలు సోర్స్ కోడ్‌లో సరిగ్గానే ఉన్నాయి, గేటు మిషనూ బానే ఉంది, మధ్యలో ఎక్కడ పోతున్నాయో దొరకడం లేదు. మెయింటెయినర్ వరుస ఇంకా ఖాళీగా ఉందని బావ నాకు గంటకోసారి వార్త చేరవేస్తున్నాడు. నేను నా ఫైల్లోంచి క్యారమ్స్ తీసేస్తున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాకు చెయ్యి దురద పెట్టింది. నేను మీములు చేస్తాను. ఆఫీసు గ్రూపులో నా పరువంతా దాని మీదే ఉంది. డబ్బాల స్లిప్పు ఫోటో తీసి, దాని మీద తెలుగులో లావు అక్షరాలతో ఇలా రాశాను: ‘ఖాళీ గదిలో వండితే ఖాళీ డబ్బాలే దిగుతాయి.’ గ్రూపులో వదిలాను. చప్పట్లు, నవ్వులు, కన్నీళ్ల బొమ్మలు కురిశాయి. సార్ కూడా బొటనవేలు చూపించారు. ఆమె కూడా నవ్వు బొమ్మ పెట్టింది. అది పెట్టి ఉండకపోతే నాకు ఇంకా బావుండేది.

రెండు నిమిషాలు కాలేదు, ఆమె నా సీటు దగ్గర నిలబడి ఉంది. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో గేటు నుంచి తెచ్చిన పాత స్లిప్పు.

“భయ్యా, మీ మీములో అక్షరాలు ఏటివి?”

కోపమొచ్చిందనుకుని, “సరదాకే...” అని మొదలుపెట్టాను.

“కాదు కాదు, జోకు బాగుంది. అక్షరాలు. ఈ ‘గ’ సూడండి. తోక ఉడతకి ఉన్నట్టుంది. పాత స్లిప్పు మీద ‘ఆగండి’లో కూడా ఇదే ఉడత.”

రెండూ పక్కపక్కన పెట్టింది. ఒకటే ఉడత.

బావ కుర్చీ లాక్కుని వచ్చాడు. ఆమె నా ల్యాప్‌టాప్‌లోకి వంగింది. నేనే తెరిచి చూపించాను. చూపించక చస్తానా, ఇద్దరూ చెరోపక్కా ఉన్నారు. సంగతేమిటంటే, స్లిప్పులిచ్చే ఆ చిన్న ప్రింటరుకి తెలుగు రాదు. అందుకని ప్యాకేజీ కట్టేటప్పుడే తెలుగు మాటలన్నిటినీ బొమ్మలుగా మార్చి లోపల పెట్టేస్తాం. ఆ మార్చే పనిముట్టు, బిల్డ్ జరిగే మిషన్లో ఏ తెలుగు ఫాంట్ కనిపిస్తే దాన్ని వాడుకుంటుంది. ఖాళీ గదిలో ఏదీ లేదు కాబట్టి డబ్బాలు గీసింది. నా ల్యాప్‌టాప్‌లో ఒకటుంది. చేరిన కొత్తలో మీములు చేసుకోవడానికి ఎక్కడినుంచో దించుకున్న ఫాంట్. లావుగా, సినిమా పోస్టరులా, ప్రతి అక్షరానికీ ఒక పొట్ట.

అంటే మూడేళ్లుగా ఈ ఊరి పోర్టులోకి వచ్చిన ప్రతి లారీ డ్రైవరూ నా మీముల అక్షరాల్లోనే ‘ఇక్కడ ఆగండి’ అని చదువుకుని ఆగాడు. నేను కాపలా కాసిన రహస్య విద్య అదీ.

బావ పొట్ట పట్టుకున్నాడు. “ఓలమ్మో! బావా, పోర్టంతా నీ కామెడీ మీద నడుస్తందేటి!”

“నాకైతే రెండ్రోజుల్నుంచి నిద్ర నేదు భయ్యా” అందామె. నిజంగానే ఊపిరి తీసుకుంది. “మీరా మీము పెట్టకపోతే దొరికేదే కాదు. చాలా థ్యాంక్స్.”

వెక్కిరిద్దామని చేసిన పనికి థ్యాంక్స్ పుచ్చుకోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. ఎవరి మీదో రాయి విసిరితే అది మామిడికాయకి తగిలి, ఆ కాయ వాళ్ల ఒళ్లో పడ్డట్టుంది.

ఆ తర్వాత ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. “ఈ ఫాంట్ ఎవలది? మనం వాడుకోవచ్చా?”

“ఏమో” అన్నాను. నిజంగానే తెలీదు.

“అయితే వద్దులెండి” అని, అందరూ వాడుకోవడానికి ఇచ్చిన తెలుగు ఫాంట్ ఒకటి వెతికి, దాని పేరు ఫైల్లో ఒక వరుసగా రాసింది. సన్నగా, నీటుగా, బళ్లో మొదటి బెంచీ అక్షరాలు. టూల్ నడిపింది. స్లిప్పు వచ్చింది. ప్రతి మాటా ఉంది. నా ఉడత వెళ్లిపోయింది. ఆ ప్యాకేజీలో నా చెయ్యి పడ్డది అదొక్కటే మిగిలి ఉండేది.

సార్ వచ్చి స్లిప్పు చూసి, “శెభాష్” అన్నారు. బావ గొంతు సవరించుకున్నాడు. వాడికి నాటకం అంటే ఇష్టం.

“సార్, మరి మెయింటెయినర్ ఎవలు? ముందు ఎవలది పనిసేస్తే ఆళ్ల పేరన్నారు కదా.”

“నేనన్నానా?” అన్నారు సార్.

నేను కళ్లు స్క్రీను మీదే ఉంచాను. అక్కడ ఏమీ లేదు.

“భయ్యా పేరే ఉంచేస్తన్నాను సార్” అందామె, టైపు చేస్తూనే. “గేటువాళ్లకి ఆయనే అలవాటు. ఏదైనా తేడా వస్తే ఈ పేరుకే కదా ఫోన్ సేస్తారు. ఆదివారాలు నాకు వద్దు.” ఆమె నావైపు తిరిగింది. “మీకు పరవాలేదు కదా? మీకేమైనా వేరే ఉద్దేశం ఉందా?”

బావ అన్నాడు, “ఆయనకి నీతో పోటీ అమ్మా.”

“దేనికి?” అంది.

వెటకారం లేదు. నిజంగా అడిగింది. నెల రోజులు నేనొక్కణ్నే పరుగెత్తాను. పక్క గీతలో ఉన్నదనుకున్న మనిషి అసలు మైదానానికే రాలేదు. బస్సు కోసం నడుస్తోంది.

“బావ జోకులేత్తన్నాడు” అన్నాను.

అలా పేరు నాకు దక్కింది. శనివారం చందనం బొట్టు ఆమె మిషనుకి పడింది, ప్యాకేజీ నా పేరుతో గేటుకి వెళ్లింది. సార్ ఆమెని ఓడల దగ్గర క్రేన్ల కంప్యూటర్ల పనిలో వేశారు. ఇక్కడి పని ఇప్పుడు ఎవరైనా చెయ్యగలరు కాబట్టి ఆమెని ఇక్కడ ఉంచడం దండగన్నారు. పసుపు రంగు హెల్మెట్ ఇచ్చారు. కిటికీలోంచి చూస్తే సముద్రం కనిపించే చోట పని. నాకు పేరు, పైన బకెట్ల చప్పుడు. నేను అప్పటిదాకా ప్యాకేజీ మీద పడ్డ కుళ్లునంతా మడతపెట్టి హెల్మెట్ మీదికి మార్చుకున్నాను. పెద్ద శ్రమ పడలేదు.

పది రోజులకి గేటు గుమాస్తా నాకు ఫోన్ చేశాడు, మెయింటెయినర్‌ని కదా.

“బాబూ, అచ్చరాలు మార్చేసినారేటి? పురుగుల్లాగున్నాయి. డ్రైవర్లు లారీ దిగొచ్చి నన్ను సదవమంతన్నారు. ఆ లావు అచ్చరాలు మల్లీ ఎయ్యండి బాబూ, ఆటికేటొచ్చింది?”

నాకు పెళ్లిభోజనం పెట్టినట్టయింది. మళ్లీ చెప్పమన్నాను, సరిగ్గా వినపడలేదని. మళ్లీ చెప్పాడు. వెంటనే ఆమెకి ఫోన్ చేశాను. వెనకాల గాలి హోరు, ఏదో సైరను.

“డ్రైవర్లకి నీ అక్షరాలు కనపడట్లేదంట. లావువి కావాలంట” అన్నాను, వీలైనంత విచారంగా.

“అవునా? పాపం, నాకు తట్టలేదు. లావుగా ఉండేది వాడుకోవడానికి ఇచ్చినవాటిల్లో సూసి మార్చేయండి భయ్యా.”

“నేనా?”

“ఆ. ఒక్క లైనే కదా. మీరైనా ఒకటే, ఎవరైనా ఒకటే. క్రేన్ వస్తంది, ఉంటాను.”

అలా మొదటిసారి ఆమె ఫైలు తెరిచాను. నెలపాటు దాని మీద కుళ్లుకున్నాను గానీ దాన్ని ఎప్పుడూ చదవలేదు. బావ కుర్చీ జరుపుకుని పక్కన చేరాడు, వినోదం కోసం. నేను తప్పులు వెతకడానికే కూర్చున్నాను, అబద్ధమెందుకు. ఒక్క అనవసరమైన మాట చాలు, ఒక మీముకి సరిపోతుంది.

ఫైలు ఒక్క స్క్రీనులో అయిపోయింది. సోర్స్ ఎక్కడుంది. ఏమేం కావాలి. ప్రతి దాని పక్కనా అది ఎందుకు కావాలో ఒక చిన్న మాట. నేను మూడేళ్లుగా ల్యాప్‌టాప్‌లో పడేసి మర్చిపోయినవి, వాటిలో నిజంగా అక్కర ఉన్నవి, అక్కడ పొందిగ్గా వరసలో కూర్చుని ఉన్నాయి. ఒకదాని పక్కన ఇలా ఉంది: ‘ఇది లేకపోతే వానరోజుల్లో కాటా తప్పు చూపిస్తుంది.’ దాన్ని నేను ఎందుకు వేశానో నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఒక వానాకాలం నేనూ ఆ కాటా పక్కన తడుస్తూ నిలబడ్డాను. ఆమె అది ఎవర్ని అడిగి తెలుసుకుందో, నన్నైతే అడగలేదు. అడిగినా నాకు గుర్తుండేది కాదు.

ఫాంట్ ఉన్న వరుసలో పేరు మార్చాను. లావుగా, గుండ్రంగా ఉండేది, అనుమతి సరిచూసుకుని మరీ పెట్టాను. నా ఉడత లాంటిది కాదు గానీ, కాస్త చుట్టరికం ఉంది. టూల్ నడిపాను. గది కట్టుకుంది, వండింది, కూల్చింది. మొదటిసారికే ప్యాకేజీ వచ్చేసింది. నా చేతిలో ఏ బిల్డూ మొదటిసారికి అయిన పాపాన పోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

“ఏటి బావా, అయిపోనాదా?” అన్నాడు వాడు.

“అయిపోయింది.”

“ఎలగుంది ఆ గుంట రాసింది? తప్పులేటైనా దొరికినాయా?”

“బాగుంది” అన్నాను.

వాడు ఇంకా ఏదో జోకు వస్తుందని నా మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేనూ ఎదురుచూశాను, ఏదైనా వస్తుందేమోనని. పైన ఎవరో బకెట్ జారవిడిచారు. వాడు కుర్చీ వెనక్కి జరుపుకుని, “ఒంట్లో బాగుందా నీకు?” అని అడిగాడు.